ఏప్రిల్‌లో వచ్చే డబ్బు, ఆగస్టులో కట్టే ఫీజు: నర్సింగ్ చదువులో నా అనుభవం

2021 ఫిబ్రవరిలో గుంటూరు శివారులోని ఒక ప్రైవేటు కళాశాలలో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. కన్వీనర్ కోటా సీటు కావడంతో బోధన రుసుము అప్పటి జగనన్న విద్యా దీవెన పథకం కింద వస్తుందనీ, భోజనానికీ వసతికీ వసతి దీవెన కింద ఏడాదికి 20,000 రూపాయలు, పదేసి వేల చొప్పున రెండు విడతలుగా, అమ్మ ఖాతాలో పడుతుందనీ చేరకముందే తెలుసుకున్నాము. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి అన్న షరతులు మాకు అడ్డంకి కాలేదు. నాన్న వినుకొండ దగ్గర మా ఊళ్లో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. అమ్మ ఆ చేలో పని చూసుకుంటూనే కోతల కాలంలో ఇతరుల చేలకు కూలికి వెళ్తుంది. తమ్ముడు అప్పటికి పదో తరగతిలో ఉన్నాడు. ఈ ఆదాయంతో నాలుగేళ్ల చదువును ఎలా నెట్టుకొచ్చామో, పొదుపు ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరదో నేను చూసినంత మేరకు రాస్తున్నాను.

మొదటి దెబ్బ చేరిన నెలలోనే తగిలింది. రెండు జతల యూనిఫాం, ఏప్రన్, తెల్ల బూట్లు, నేమ్ ప్లేటు, స్టెతస్కోపు, బీపీ చూసే పరికరం, థర్మామీటరు, కత్తెర, చిన్న టార్చి, సబ్జెక్టుకొకటి చొప్పున రికార్డు పుస్తకాలు, ఇవన్నీ కలిపి పదకొండు వేలు దాటాయి. ఫీజుల పట్టికలో వీటి ఊసే ఉండదు కనుక ఇంట్లో ఎవరూ వీటికి సిద్ధపడి ఉండరు. బీపీ పరికరం మాత్రం మా గదిలోని నలుగురమూ కలిసి ఒకటే కొన్నాము. నలుగురికీ ఒకే వార్డులో ఒకే పూట పోస్టింగ్ పడటం అరుదు, పడినా ఒకరి తర్వాత ఒకరు వాడుకోవచ్చు. స్టెతస్కోపు విషయంలో ఆ పద్ధతి కుదరదు, ఎవరిది వారికి మెడలో ఉండవలసిందే. పాఠ్య పుస్తకాలు సీనియర్ అక్కల దగ్గర సగం ధరకు దొరికాయి. అయితే 2021-22లో చేరిన వారి నుంచి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సెమిస్టర్ పద్ధతిలో కొత్త సిలబస్ తెచ్చింది. వార్షిక పద్ధతిలో చదివిన ఆఖరి బ్యాచ్ మాది కావడంతో, మేము సగం ధరకు కొన్న వాటిని తిరిగి అమ్ముకునే అవకాశం చాలావరకు పోయింది.

అసలు చిక్కు ఖర్చు ఎంత అన్నదాని కంటే ఏ నెలలో అన్నదానిలో ఉందని నాకు రెండో ఏడాదికి గాని తెలిసిరాలేదు. హాస్టలు, మెస్సు కలిపి మా కళాశాలలో ఏడాదికి 48,000 రూపాయలు. అందులో సగం ఆగస్టులో, మిగతా సగం జనవరిలో కట్టాలి. మిర్చి రైతు ఇంట్లో ఆగస్టు అంటే నారు, ఎరువులు, దుక్కి, కౌలు అడ్వాన్సు అన్నీ ఒక్కసారిగా మీద పడే కాలం. జనవరిలో కాయ ఎర్రబడి ఉంటుంది కానీ యార్డుకు చేరి, తూకమై, కమిషన్ వ్యాపారి తన పాత బాకీ మినహాయించుకుని మిగిలింది చేతికి ఇచ్చేసరికి మార్చి దాటుతుంది. వసతి దీవెన విషయానికి వస్తే, నేను చదివిన కాలంలో ఆ డబ్బు విడుదలైన తేదీలు 2021 ఏప్రిల్ 28, 2022 ఏప్రిల్ 8, 2023 ఏప్రిల్ 26. అంటే మా ఇంటికి వచ్చే రెండు ఆదాయాలూ ఏప్రిల్ చుట్టుపక్కలే వస్తున్నాయి, కట్టవలసినవి మాత్రం ఆగస్టులోనూ జనవరిలోనూ ఉన్నాయి. నెలకు ఇంత అని సమానంగా పంచుకుని ఖర్చు పెట్టుకోమని చెప్పే సలహాలు జీతగాళ్ల పిల్లలకు పనికొస్తాయేమో గాని మాకు పనికిరావు.

అందుకని లెక్కల పుస్తకాన్ని పద్దుల వారీగా రాయడం మానేసి నెలల వారీగా రాయడం మొదలుపెట్టాను. ఎడమ పేజీలో ఆ నెల కట్టక తప్పనివి, కుడి పేజీలో ఆ నెల కచ్చితంగా వచ్చేవి. వస్తుందని అనుకుంటున్నదీ, పథకంలో రాసి ఉన్నదీ ఖాతాలో పడేదాకా కుడి పేజీలోకి ఎక్కకూడదని నియమం పెట్టుకున్నాను. ఏడాది మొత్తానికి అలా రాసి చూస్తే ఆగస్టు, సెప్టెంబరు, జనవరి తప్ప మిగతా నెలలు ఏదో ఒకలా గడిచేవేనని తేలింది. ఆ పుస్తకం తీసుకుని కళాశాల ఆఫీసుకు వెళ్లి, ఆగస్టులో కట్టవలసిన 24,000ను నాలుగు వాయిదాలు చేయమనీ, జనవరి సగంలో కొంత ఏప్రిల్‌కు జరపమనీ అర్జీ పెట్టుకున్నాను. మొదట కాదన్నారు. మా క్లాస్ టీచరు సంతకం చేసి పంపిన రెండో అర్జీకి, ఆగస్టుది మూడు వాయిదాలుగా కట్టుకోవచ్చని, జనవరిది మాత్రం గడువులోపే కట్టాలని ఒప్పుకున్నారు. అడగకపోతే ఆ మాత్రమైనా దక్కేది కాదు. మా తరగతిలో చాలా మంది నామోషీ అనుకుని అడగకుండా, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినవారే.

2021 చివర్లో మా ప్రాంతపు మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది. పూత మీదే ఉండి పిందె నిలవనివ్వని ఆ పురుగుకు ఏ మందూ సరిగా పనిచేయలేదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో చాలా మంది రైతులు మధ్యలోనే తోటలు దున్నేశారు. నాన్న దున్నలేదు కానీ చేతికి వచ్చిన కాయ కౌలుకూ మందుల బాకీకీ సరిపోలేదు. జనవరి ఫీజుకు గడువు దగ్గరపడుతుంటే అమ్మకు ఫోను చేశాను. "కాయలు అమ్మితే ఇద్దామనుకున్నాం గదమ్మా, ఈ ఏడు కాయలే లేకపాయె, సంఘంలో అడుగుతా ఉండు" అంది. డ్వాక్రా సంఘానికి బ్యాంకు ఇచ్చిన అప్పులో అమ్మ వాటా కింద యాభై వేలు వచ్చింది. అందులో 24,000 హాస్టలుకు కట్టాము. సంఘం అప్పుకు వడ్డీ తక్కువే, కానీ వాయిదా నెలనెలా కట్టాలి, ఒక్క సభ్యురాలు తప్పినా మిగతా వాళ్లందరి ముందూ తలవంచుకోవాలి. ఆ వాయిదా కోసమే అమ్మ ఆ వేసవి అంతా ఉపాధి హామీ పనికి వెళ్లింది.

ఆ ఏప్రిల్‌లో వసతి దీవెన విడుదలైందని హాస్టల్లో ఒక్కొక్కరి ఇంటి నుంచి ఫోన్లు వస్తుంటే మా అమ్మ ఖాతాలో మాత్రం ఏమీ పడలేదు. ఈ పథకాల వివరాలు ఉండే ప్రభుత్వ వెబ్‌సైటు జ్ఞానభూమి పోర్టల్‌లో చూస్తే జమ అయినట్టే ఉంది. మా ఊరి సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంటు ఆధార్ నంబరు కొట్టి చూసి, డబ్బు వేరే బ్యాంకుకు వెళ్లిందని చెప్పారు. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మనం దరఖాస్తులో రాసిన ఖాతాలోకి కాక, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర చివరిగా ఆధార్ లింక్ అయిన బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది. ఉపాధి హామీ కూలి కోసం అమ్మ తెరిచిన మరో ఖాతాకు ఆ లింకు మారిపోయింది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పది వేలూ ఆ ఖాతాలో భద్రంగానే ఉన్నాయి. అదే గనక అప్పు బాకీ ఉన్న ఖాతా అయ్యుంటే, పడిన డబ్బు పడినట్టే బాకీ కింద జమ చేసుకునే ప్రమాదం ఉండేది. అప్పటి నుంచి ఏటా మార్చిలో ఎన్‌పీసీఐ లింకు ఏ బ్యాంకుకు ఉందో సచివాలయంలో చూపించుకుని రమ్మని అమ్మకు గుర్తు చేస్తూ వచ్చాను. నా స్నేహితురాలి కుటుంబానిది మరో తిప్పలు. వాళ్లు అద్దెకుంటున్న ఇంటి కరెంటు మీటరు వాళ్ల నాన్న ఆధార్‌కు జతపడి ఉండటంతో, నెలకు సగటున 300 యూనిట్లు దాటాయని పథకాలకు అర్హత తేల్చే ఆరు దశల పరిశీలనలో అనర్హత వచ్చింది. మీటరు ఇంటి యజమానిదని రుజువు చేసుకుని మళ్లీ అర్హుల జాబితాలో ఎక్కేసరికి ఆ ఏడాది గడిచిపోయింది. ఇంటర్ చదివేటప్పుడే ఈ కాగితాలన్నీ సరిచూసుకోవడం మేలు.

ఇక తిండి సంగతి. మెస్సు డబ్బు ముందే కట్టేస్తాము కాబట్టి మెస్సులో తినని ప్రతి పూటా రెండుసార్లు ఖర్చుపెట్టినట్టే. నర్సింగ్ విద్యార్థికి ఆ పూటలు చాలా ఉంటాయి. మా మెస్సులో టిఫిను ఎనిమిదింటికి మూసేసేవారు, నైట్ డ్యూటీ ముగిసేది ఎనిమిదింటికి. వార్డులో రిపోర్టు అప్పగించి బస్సెక్కి హాస్టలుకు చేరేసరికి తొమ్మిది దాటేది. ఆకలికి ఆగలేక ఆసుపత్రి గేటు ఎదుటి బండి మీద నాలుగు ఇడ్లీలో, ఒక ప్లేటు పూరీయో తింటే నలభై రూపాయలు. నైట్ డ్యూటీలు వరసగా పడిన వారంలో అది రాత్రి టీ, బిస్కెట్లతో కలిపి అయిదు వందలకు చేరేది. మూడో ఏడాదిలో మేము కొందరం కలిసి మెస్సు అక్కను బతిమాలాము. "మీ డబ్బాలు మీరే తెచ్చి పేర్లు రాసి పెట్టండి, మూత పెట్టి ఉంచుతా, చల్లారిందని మాత్రం నన్ననొద్దు" అంది. స్టీలు డబ్బా మూత మీద ప్లాస్టరు అంటించి పేరూ, డ్యూటీ తేదీలూ రాసి ముందు రోజు రాత్రే వంటగదిలో పెట్టి వెళ్లేవాళ్లం. చల్లారిన ఉప్మా రుచిగా ఉంటుందని చెప్పను కానీ, నెలలో మిగిలే డబ్బు కంటికి కనిపించింది.

ప్రసూతి పోస్టింగుల్లో ఈ ఏర్పాటు కూడా పనిచేయలేదు. మా సిలబస్ ప్రకారం ఒక్కొక్కరం ఇరవై సాధారణ కాన్పులు చేయించి, కేస్ బుక్‌లో వివరాలు రాసి సంతకం తీసుకోవాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) లేబర్ రూమ్‌కు అనేక కళాశాలల విద్యార్థినులు వస్తారు, హౌస్ సర్జన్లు ఉంటారు, అందరికీ కాన్పులు కావాలి. ఒక కేసు మన వంతు వచ్చిందంటే ఆ తల్లి ప్రసవించి, మాయ పడి, బిడ్డ బరువు చూసి రాసేదాకా కదలకూడదు. నొప్పులు ఎప్పుడు తీవ్రమవుతాయో ఎవరికీ తెలియదు కనుక భోజనానికని వెళ్తే వంతు పోతుంది. అలాంటి పూటల కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న వేరుశనగ ఉండలు, అటుకులు సంచిలో ఉంచుకునేదాన్ని. అమ్మ ప్రతిసారీ కందిపొడి, చింతకాయ పచ్చడి, రెండు కిలోల వేరుశనగ గుళ్లు పంపేది. గుడ్డు లేని రోజుల్లో ఆ గుళ్లే మాకు మాంసకృత్తులు. పోషకాహారం సబ్జెక్టులో రోజుకు ఎన్ని కేలరీలో లెక్కలు వేయించుకుని మార్కులు తెచ్చుకుంటాము, మా పళ్లెంలోకి మాత్రం ఆ పట్టిక ఎక్కదు.

రెండో ఏడాది తర్వాత హాస్టలు వదిలి బయట గది తీసుకోవచ్చన్నారు. నలుగురం కలిసి బ్రాడీపేటలోనూ కళాశాలకు దగ్గరలోనూ గదులు చూసి లెక్క వేశాము. అద్దె ఆరు వేలు, మనిషికి పదిహేను వందలు. సరుకులు, గ్యాసు, పాలు, కూరగాయలు, కరెంటు కలిపి మనిషికి రమారమి రెండు వేలు. హాస్టలుకు నెలకు నాలుగు వేలు అవుతున్నప్పుడు కాగితం మీద అయిదు వందలు మిగులుతున్నట్టే కనిపించింది. కానీ రెండు నెలల అద్దె అడ్వాన్సు, గిన్నెలూ స్టవ్వూ కొనడం, పన్నెండు నెలలకూ అద్దె కట్టడం, అన్నిటికీ మించి పొద్దున ఏడున్నరకే వార్డులో ఉండి మధ్యాహ్నం రెండు దాటాక క్లాసులకు వెళ్లేవాళ్లు వంట ఎప్పుడు చేస్తారన్న ప్రశ్న, ఇవన్నీ కలిపితే ఆ మిగులు నిలవలేదు. వెళ్లిన ఒకరిద్దరు మూడు నెలలకే వంట మానేసి కర్రీ పాయింటు మీద పడ్డారు. హాస్టల్లో ఉంటూనే పొదుపు చేసే మార్గం ఒకటుంది, దాన్ని చాలా మంది వాడుకోరు. కమ్యూనిటీ పోస్టింగుకు పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినప్పుడూ, పది రోజులకు మించి ఇంటికి వెళ్లినప్పుడూ ముందుగా వార్డెనుకు ఉత్తరం రాసి ఇస్తే ఆ రోజుల మెస్సు డబ్బు తగ్గిస్తారు. వెళ్లి వచ్చాక అడిగితే ఇవ్వరు.

పార్ట్ టైం పని చేసుకోవచ్చు కదా అని బంధువులు సులువుగా అంటారు. ఇంజనీరింగు చదివే మా పెదనాన్న కొడుకు సాయంత్రాలు డెలివరీ పని చేసి తన ఖర్చులు వెళ్లదీసుకున్నాడు. మా చదువులో అది సాధ్యం కాదు. పరీక్షకు కూర్చోవాలంటే ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు ఉండాలి, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు నూటికి నూరు ఉండాలి. జ్వరమొచ్చి పోస్టింగ్ మానేసినా ఆ గంటలు తర్వాత సెలవుల్లో పూర్తి చేయవలసిందే. పైగా ఉదయం, మధ్యాహ్నం, రాత్రి డ్యూటీలు మారుతుంటాయి కనుక ఫలానా వేళకు వస్తానని ఎవరికీ మాట ఇవ్వలేము. మా సీనియర్లలో కొందరు చిన్న ప్రైవేటు నర్సింగ్ హోముల్లో రాత్రికి మూడు, నాలుగు వందలకు స్టాఫ్ నర్సు పని చేసేవారు. నన్నూ పిలిచారు. రిజిస్ట్రేషన్ లేని విద్యార్థిని ఒంటరిగా రాత్రంతా రోగుల బాధ్యత చూడటం చట్టరీత్యా చెల్లదు, ఏదైనా జరిగితే యాజమాన్యం మన పేరు కూడా ఎత్తదు, అందుకని వెళ్లలేదు. ఇలాంటి పని చేసేవారిని తప్పుపట్టాలని నాకు లేదు, వాళ్ల అవసరం అలాంటిది. తప్పంతా చదువుకునే పిల్లలను చవకగా దొరికే నర్సులుగా చూసేవాళ్లదేనని మాత్రం ఇప్పటికీ అంటాను. నేను ఆదివారాలు దగ్గరలోని ఇద్దరు ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. నెలకు పదిహేను వందలు వచ్చేవి. ఆదివారం డ్యూటీ పడితే శనివారం సాయంత్రానికి మార్చుకునేవాళ్లం. ఫోను రీఛార్జి, సబ్బులు, ప్యాడ్లు, జిరాక్సులు ఆ డబ్బుతోనే గడిచేవి.

పొదుపు చేయకూడనివి రెండు ఉన్నాయని అనుభవం మీద చెప్పగలను. ఒకటి, రోగుల రక్తం ద్వారా సోకగల కాలేయ వ్యాధి హెపటైటిస్ బికి టీకా. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది వేయించుకోవాలి. కళాశాల వేయించదు, మందుల షాపులో విడిగా కొంటే ఖరీదని సగం మంది వాయిదా వేశారు. మాకు సాయపడింది ఒక స్టాఫ్ సిస్టర్ చెప్పిన మాట. పెద్దవాళ్లకు ఒక డోసు ఒక మిల్లీలీటరు, పది మిల్లీలీటర్ల వయల్ కూడా దొరుకుతుంది, పది మంది కలిసి కొనుక్కుని ఒకే రోజు వేయించుకుంటే మనిషికి పడే ఖర్చు బాగా తగ్గుతుందని ఆమె చెప్పారు. షాపు నుంచి ఐస్ ప్యాకుల మధ్య పెట్టి తెచ్చి, ఆ మధ్యాహ్నమే పది మందిమీ వేయించుకున్నాము. ఆ తర్వాతి ఏడాది సర్జికల్ వార్డులో మా గదిలో ఉండే అమ్మాయికి వాడిన సూది గుచ్చుకున్నప్పుడు ఆ టీకా విలువ మాకు బాగా అర్థమైంది. రెండోది బూట్లు. చవక తెల్ల బూట్లు మూడు నెలలకే అడుగు ఊడతాయి, ఈలోగా మడమలు వాస్తాయి. కొంచెం ఎక్కువ పెట్టి కొన్న జత నాకు రెండేళ్లు వచ్చింది. యూనిఫాం మాత్రం మూడో జత అక్కర్లేదు, రెండు జతలను నీలి మందు పెట్టి జాగ్రత్తగా ఉతుక్కుంటే చాలు.

చిన్న ఖర్చుల్లో నన్ను ఎక్కువ విసిగించినవి చార్టులు. ఆరోగ్య విద్య పాఠం చెప్పిన ప్రతిసారీ చార్టులు, ఫ్లాష్ కార్డులు, కరపత్రాలు తయారు చేసి చూపాలి. పాఠం పది నిమిషాలు, తయారీ రెండు రాత్రులు, స్కెచ్ పెన్నులతో కలిపి రెండు వందలు. వాటిని పేషెంట్ల కంటే మాకు మార్కులు వేసే మేడమే ఎక్కువసేపు చూస్తారు. మేము ఒక బృందంగా చార్టుల రెండో వైపు కూడా వాడటం, ఒకరి బొమ్మలను మరొకరు శీర్షిక మార్చి వాడుకోవడం చేశాము. ఆదివారాలు, సెలవు రోజుల్లో కళాశాల బస్సు ఉండదు కనుక ఆర్టీసీ విద్యార్థి పాసు తీసుకునేదాన్ని. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇప్పుడు చదువుతున్న చెల్లెళ్లకు ఆ మేరకు భారం తగ్గింది, ఇంటికి వెళ్లి రావడానికి చార్జీలు చూసుకోవలసిన పని కూడా లేదు.

విద్యా రుణం గురించీ ఆలోచించాము. నాలుగు లక్షల వరకు ఆస్తి తాకట్టు గాని మార్జిను (మన వాటాగా పెట్టుకునే సొమ్ము) గాని అక్కర్లేదు, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే చదువు కాలానికీ ఆ తర్వాత ఏడాదికీ వడ్డీ రాయితీ ఇచ్చే కేంద్ర పథకం కూడా ఉంది. అయితే బోధన రుసుము ప్రభుత్వం భరిస్తున్నప్పుడు హాస్టలు డబ్బు కోసం మాత్రమే రుణం అడిగితే బ్యాంకులో ఉత్సాహం చూపలేదు, నాన్నకూ ఇంకో బ్యాంకు బాకీ అంటే భయం. మా విషయంలో సంఘం అప్పే నయమైంది. ప్రైవేటు ఉపకార వేతనాలను మాత్రం ఆలస్యంగా పట్టించుకున్నాము. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ విద్యార్థులకు కోర్సు మొత్తానికి రెండు లక్షల వరకు ఇచ్చే ఉపకార వేతనాన్ని ప్రకటించినప్పుడు చూస్తే, మొదటి సంవత్సరం చదువుతున్న వారికే అర్హత. ఇలాంటివి చాలావరకు చేరిన ఏడాదే దరఖాస్తు చేసుకోవాలి. అప్పటి నుంచి జూనియర్లు హాస్టల్లో దిగగానే ముందు ఆ సంగతి చెప్పడం అలవాటు చేసుకున్నాను.

2023 చివర్లో అమ్మ ఖాతాకు బదులు విద్యార్థి, తల్లి కలిసి జాయింటు ఖాతా తెరవాలన్నారు. ఇద్దరమూ కలిసి బ్యాంకుకు వెళ్లాలి కాబట్టి అమ్మ ఒక రోజు కూలి మానుకుంది, నేను రెండు రోజుల పోస్టింగును తర్వాత పూర్తి చేశాను. నాలుగో ఏడాదికి నేను కుడి పేజీలో వసతి దీవెన రాయలేదు. ఆ ఏడు మిర్చి పరవాలేదనిపించింది, సంఘం అప్పు వాయిదాలు సగానికి వచ్చాయి, ట్యూషన్ డబ్బులో మిగిల్చినది కొంత ఉంది, వాటితో సర్దుకున్నాము.

చదువు అయిపోయాక ఖర్చు ఆగుతుందనుకుంటాము గాని, నాలుగేళ్లలో కెల్లా ఇరుకైన నెలలు అవే. విద్యా దీవెన కింద రావలసిన ఫీజు డబ్బులో ఆఖరి విడతలు రాలేదు కనుక ఆ మొత్తం మీరే కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమని కళాశాల ఆఫీసులో అన్నారు. సర్టిఫికెట్లు లేనిదే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కాదు, రిజిస్ట్రేషన్ లేనిదే ఏ మంచి ఆసుపత్రిలోనూ చేర్చుకోరు, ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్షకు అర్హత ఉండదు. ఇళ్లలో అప్పటికప్పుడు అంత డబ్బు ఉండదు కనుక మేము కొందరం తల్లిదండ్రులతో కలిసి వెళ్లి మాట్లాడాము. ప్రభుత్వం నుంచి డబ్బు రాగానే కళాశాలకు చెల్లిస్తామని నాన్న సంతకంతో హామీ పత్రం రాసి ఇచ్చి, మెస్సు బాకీ మాత్రం కట్టేసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాము. ఆ పత్రం నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకున్నాను, ఉంచుకోవాలి కూడా.

రిజిస్ట్రేషన్ రుసుము, విజయవాడకు రానుపోను ఖర్చు, ఫోటోలు, నోటరీ, ఆ వెంటనే నార్సెట్ దరఖాస్తుకు బీసీలకు 3,000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వారికి 2,400), ఇవన్నీ రెండు నెలల వ్యవధిలో వచ్చాయి. ఇవి వస్తాయని ముందే తెలిసిన సీనియర్ అక్క ఒకరు చెప్పడంతో, నాలుగో ఏడాది మొదటి నుంచే ట్యూషన్ డబ్బులో నెలకు అయిదు వందలు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ వచ్చాను. అందులోంచి రిజిస్ట్రేషన్ అయింది. పరీక్ష ఫీజుకు పిన్ని దగ్గర చేబదులు తీసుకుని, గుంటూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాక మొదటి జీతంలో తిరిగి ఇచ్చాను. సంఘం అప్పులో మిగిలిన వాయిదాలు ఇప్పుడు నా జీతం నుంచి వెళ్తున్నాయి. తమ్ముడు ఫార్మసీలో చేరాడు, వాడి కోసం నెలల వారీ పుస్తకం కొత్తది మొదలుపెట్టాము, ఆగస్టు పేజీలో ఎడమ వైపు నుంచి.